నియమం, ఉపాధి, నిర్ణయం: పర్యావరణ నియంత్రణలో నిపుణ వ్యవస్థలు – కృష్ణా డెల్టా నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

పరిశ్రమలకు అనుమతులు ఇవ్వడంలోనూ, వాటి వ్యర్థాలను పర్యవేక్షించడంలోనూ నిపుణుల పరిజ్ఞానాన్ని కంప్యూటరు నియమాలుగా మార్చి వాడుకోవచ్చన్న ఆలోచన దాదాపు నాలుగు దశాబ్దాల నాటిది. మన దేశంలో ఆ ఆలోచన కాలుష్య సూచికలుగా, నిరంతర పర్యవేక్షణ పరికరాలుగా అమలులోకి వచ్చింది. నియమాన్ని నమోదు చేసుకున్న ఈ సాధనాలు ఆ నియమం ఏ పరిస్థితిలో చెల్లుతుందో నమోదు చేయలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. భారతీయ తర్కశాస్త్రంలోని ‘ఉపాధి’ భావన ఆధారంగా, ఉయ్యూరు ప్రాంతపు కాలువల వ్యవస్థను ఉదాహరణగా తీసుకొని ఈ లోపాన్ని పరిశీలిస్తుంది. నిర్ణయానికి కారణం చెప్పడం చట్టం విధించిన బాధ్యత కాబట్టి, కారణం చెప్పలేని వ్యవస్థ నియంత్రణకు సహాయకారి కాజాలదని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: నిపుణ వ్యవస్థ, ఉపాధి, జల కాలుష్యం, కృష్ణా డెల్టా, ఉయ్యూరు, కాలుష్య నియంత్రణ మండలి, ముందుజాగ్రత్త సూత్రం.

1. ఉపోద్ఘాతం

విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్ళే దారిలో ఉన్న ఉయ్యూరు దశాబ్దాలుగా చక్కెర పరిశ్రమతో పెనవేసుకున్న పట్టణం. పుల్లేరు కాలువ ఈ పట్టణం మీదుగానే సాగుతుంది. 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957 నాటికి వచ్చిన ప్రకాశం బరాజు కృష్ణా జలాలను కాలువల్లోకి మళ్ళించడంతో ఈ ప్రాంతపు వ్యవసాయమూ, పరిశ్రమా, తాగునీరూ ఒకే నీటిమీద ఆధారపడ్డాయి. డెల్టా గ్రామాల్లో మంచినీటి చెరువు నిండేది కాలువతోనే. అందువల్ల ఇక్కడ ఒక కర్మాగారపు వ్యర్థజలం గురించి తీసుకొనే నిర్ణయం ఆ కర్మాగారపు గోడల మధ్య ముగిసిపోదు.

అటువంటి నిర్ణయాన్ని తీసుకోవలసిన అధికారికి ఉండే వనరులు పరిమితం. జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం (1974) 25వ సెక్షను ప్రకారం, అనుమతి కోసం వచ్చిన దరఖాస్తుపై నాలుగు నెలల్లోగా ఏ నిర్ణయమూ వెలువడకపోతే అనుమతి లభించినట్లే భావించవలసి ఉంటుంది. అనుభవజ్ఞుడైన ఇంజనీరు బదిలీ అయితే ఆ ప్రాంతం గురించి అతడు సంపాదించిన తెలివిడి కూడా అతనితోనే వెళ్ళిపోతుంది. ఈ పరిస్థితిలో నిపుణ వ్యవస్థ అవసరం కాదని ఎవరూ అనలేరు. ఎటువంటి నిపుణ వ్యవస్థ కావాలన్నదే తేలవలసిన విషయం.

ఈ వ్యాసంలో ఉయ్యూరు ప్రస్తావన భౌగోళిక పరిస్థితిని వివరించడానికే పరిమితం. ఇక్కడి ఏ ఒక్క పరిశ్రమ పనితీరుపైనా తీర్పు చెప్పడం దీని ఉద్దేశం కాదు.

2. నిపుణ వ్యవస్థ: నిర్మాణం, స్వభావం

నిపుణ వ్యవస్థలో ప్రధానంగా మూడు భాగాలుంటాయి. ‘ఇలా ఉంటే ఇలా చేయాలి’ అనే రూపంలో నిపుణుడి పరిజ్ఞానాన్ని నిలవచేసే నియమాల భాండాగారం మొదటిది. ఎదుట ఉన్న సందర్భానికి ఏ నియమాలు వర్తిస్తాయో చూసి నిర్ధారణకు వచ్చే తార్కిక విభాగం రెండవది. ఆ నిర్ధారణకు ఎలా వచ్చిందో చెప్పే వివరణ విభాగం మూడవది.

1970లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన మైసిన్ ఈ కోవలో ప్రసిద్ధమైనది. రక్తంలో సోకిన బాక్టీరియాను గుర్తించి తగిన మందును సూచించడం దాని పని. ‘ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నావు?’ అని వైద్యుడు అడిగితే తాను పరిశీలిస్తున్న నియమాన్ని అది చూపగలిగేది. 1979లో జరిగిన మూల్యాంకనంలో దాని సూచనలు నిపుణుల సూచనలకు దీటుగా నిలిచాయి. అయినా అది ఆసుపత్రుల్లో నిత్య వినియోగానికి రాలేదు. సమాధానం సరైనది కావడమూ, సంస్థలో ఇమడడమూ వేర్వేరు విషయాలని ఆ అనుభవం చెబుతోంది.

చట్టాన్నే నియమాలుగా రాసే ప్రయత్నమూ జరిగింది. బ్రిటిష్ జాతీయతా చట్టాన్ని తర్క ప్రోగ్రాముగా మార్చిన పరిశోధన 1986లో వెలువడింది. పౌరసత్వం వంటి అంశంలో నిర్వచనాలు చట్టంలోనే దొరుకుతాయి. పర్యావరణ నియంత్రణలో అలా కాదు. ఇక్కడ చట్టం ప్రమాణాన్ని ఇస్తుంది. ఆ ప్రమాణానికి అర్థం నేల, నీరు, ఋతువు ఇస్తాయి. నియమాల భాండాగారంలోకి ఎక్కించడం కష్టమైనది ఈ రెండవ భాగమే.

3. నియమం వెనుక ఉపాధి

‘ఉపాధి’ అన్న మాట నేటి వ్యవహారంలో జీవనోపాధికి పరిమితమైంది. తర్కశాస్త్రంలో దానికి మరొక అర్థముంది. అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ చదివినవారికి పర్వతంమీది నిప్పు ఉదాహరణ సుపరిచితం. పొగ ఉంది కాబట్టి నిప్పు ఉందనడం సరైన అనుమానం. నిప్పు ఉంది కాబట్టి పొగ ఉందనడం దోషం. కాలిన ఇనుములో నిప్పు ఉన్నా పొగ ఉండదు. నిప్పునుంచి పొగ రావాలంటే తడి కట్టె తోడు కావాలి. ఆ తడి కట్టెల సంయోగమే ఇక్కడ ఉపాధి. అది పైకి కనిపించని షరతు. దాన్ని విస్మరించిన హేతువు వ్యాప్యత్వాసిద్ధం అనే హేత్వాభాసం అవుతుంది.

నియంత్రణ వ్యవస్థలో నిత్యం వినిపించే వాక్యాన్ని ఈ చట్రంలో పెట్టి చూడవచ్చు. ‘వ్యర్థజలం ప్రమాణానికి లోబడి ఉంది కాబట్టి కాలువకు హాని లేదు.’ ప్రమాణానికి లోబడి ఉండడం హేతువు. హాని లేకపోవడం సాధ్యం. కాలువలో తగినంత ప్రవాహం ఉండడం ఉపాధి. ఆ మూడవది వాక్యంలో లేదు; కాని వాక్యం నిలిచింది దానిమీదనే.

ఇది కేవలం తర్క చమత్కారం కాదనడానికి కాలుష్య ప్రమాణాల చరిత్రే సాక్ష్యం. బ్రిటన్‌లో మురుగునీటి నిర్మూలనపై నియమించిన రాయల్ కమిషన్ 1912లో ఇచ్చిన ఎనిమిదవ నివేదిక ప్రపంచ ప్రమాణాలకు మార్గదర్శకమైంది. నీటిలోని సేంద్రియ మలినాన్ని సూచించే బీఓడీ, శుద్ధిచేసిన మురుగునీటిలో లీటరుకు 20 మిల్లీగ్రాములు మించరాదని అది చెప్పింది. దానికి ఒక షరతు జోడించింది: ఆ నీటిని కలుపుకొనే నదిలో కనీసం ఎనిమిది రెట్ల ప్రవాహం ఉండాలి. లెక్క సులభమైనది. నదిలో ముందే ఉన్న బీఓడీ 2 అనుకుంటే, ఎనిమిది భాగాల నదీజలమూ ఒక భాగం మురుగునీరూ కలిసినప్పుడు వచ్చే విలువ 4. నదికి హాని కలగని హద్దుగా కమిషన్ ఎంచుకున్నది ఆ 4నే. అంటే 20 అనే అంకె నది పరిమాణం నుంచి పుట్టింది. నది మారితే అంకె కూడా మారాలి. కాలక్రమంలో ఆ అంకె ప్రపంచమంతటా ప్రయాణించింది. షరతు మాత్రం పుట్టినచోటనే ఉండిపోయింది.

4. కాలువ కట్టివేసిన నెలలు

మన దేశంలో ఉపరితల జలాల్లోకి విడిచే వ్యర్థజలానికి సాధారణ ప్రమాణం బీఓడీ 30. సేద్యానికై నేలపై విడిచే నీటికి 100. తగిన శుద్ధి తరువాత తాగునీటికి పనికివచ్చే ఉపరితల జలంలో బీఓడీ 3 మించరాదన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే ఉపాధి ఎంత బరువైనదో తెలుస్తుంది. కాలువ నీటి బీఓడీ 2గా ఉన్నప్పుడు, 30 ఉన్న వ్యర్థజలం ఒక భాగం కలిసినా మొత్తం 3 దాటకుండా ఉండాలంటే 27 భాగాల కాలువ నీరు కావాలి. ఎనిమిది భాగాలే ఉంటే విలువ 5 దాటుతుంది. సమానంగా ఉంటే 16కు చేరుతుంది. కాలువలో ప్రవాహమే లేకపోతే కాలువలో ఉన్నది వ్యర్థజలమే. నాలుగు సందర్భాల్లోనూ కర్మాగారం ప్రమాణాన్ని పాటించినట్లే లెక్క.

డెల్టాలో ఈ నాలుగు సందర్భాలూ ఏటా వచ్చేవే. సార్వా సాగు సాగినన్నాళ్ళు కాలువలు నిండుగా పారుతాయి. వరి కోతల తరువాత ప్రవాహం తగ్గుతుంది. వేసవిలో కాలువలు కట్టివేసి, మంచినీటి చెరువులు నింపడానికి మాత్రం కొన్ని రోజులు నీరు వదులుతారు. చెరకు గానుగాడే కాలం శీతాకాలంలో మొదలై వేసవి ముఖం చూస్తుంది. అంటే చక్కెర పరిశ్రమలో వ్యర్థజలం తయారయ్యే నెలలూ, కాలువలో నీరు తగ్గే నెలలూ చాలావరకు ఒకటే. కాలువ కట్టివేసిన రోజుల్లో మడుగులుగా నిలిచిన నీరు, చెరువులకోసం తలుపులు ఎత్తినప్పుడు మొదటి ఉరవడిలో కదిలి వస్తుంది. ఆ మొదటి నీటిని చెరువులోకి పోనివ్వకుండా దిగువకు వదిలేయాలని కాలువ లస్కరుకూ, పంచాయతీ నీటి పనివారికీ తెలుసు. ఏ ప్రమాణాల పట్టికలోనూ ఆ తెలివిడి నమోదు కాలేదు. నిపుణ వ్యవస్థ సేకరించవలసిన పరిజ్ఞానంలో ఇది ముందుండవలసినది. నిపుణుడంటే పట్టాలున్నవాడేనన్న భావన ఉన్నంతకాలం ఇది భాండాగారంలోకి రాదు.

ప్రవాహపు లెక్క జలవనరుల శాఖ చేతిలోనూ, వ్యర్థజలపు లెక్క కాలుష్య నియంత్రణ మండలి చేతిలోనూ ఉండడం ఈ సమస్యను జటిలం చేస్తోంది. హేతువు ఒక కార్యాలయంలో, ఉపాధి మరొక కార్యాలయంలో ఉన్నప్పుడు అనుమానం సక్రమంగా సాగదు.

5. అంకెలుగా మారిన నైపుణ్యం

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో పరిశ్రమలను కాలుష్య సూచిక ఆధారంగా వర్గీకరించింది. వాయు కాలుష్యానికి 40, జల కాలుష్యానికి 40, ప్రమాదకర వ్యర్థాలకు 20 వంతున మార్కులు కేటాయించింది. 60, ఆపైన వస్తే ఎరుపు. 41 నుంచి 59 వరకు నారింజ. 21 నుంచి 40 వరకు ఆకుపచ్చ. 20, ఆలోపు తెలుపు. అధికారిని బట్టి మారే వర్గీకరణ స్థానంలో దేశమంతటికీ ఒకే కొలమానాన్ని తీసుకురావడం దీని ప్రయోజనం. అది చిన్న ప్రయోజనం కాదు. అయితే ఈ మార్కులు పరిశ్రమ రకానికి చెందినవి. కొండవాలులో ఉన్న కర్మాగారానికీ, తాగునీటి కాలువ గట్టున ఉన్న కర్మాగారానికీ రకం ఒకటైతే రంగూ ఒకటే. స్థలమనే ఉపాధిని ఈ పద్ధతి పరిగణించదు.

రెండవ సాధనం నిరంతర పర్యవేక్షణ. చక్కెర, డిస్టిలరీలతో సహా 17 రకాల అధిక కాలుష్య పరిశ్రమలు వ్యర్థజలాన్నీ పొగనూ నిరంతరం కొలిచే పరికరాలను అమర్చుకోవాలని కేంద్ర మండలి 2014 ఫిబ్రవరి 5న ఆదేశించింది. హద్దు దాటితే సమాచారం వెంటనే మండలికి చేరాలి. ఇది ఒకే నియమమున్న నిపుణ వ్యవస్థ. దీనిలో రెండు చిక్కులున్నాయి. బీఓడీని ప్రయోగశాలలో 27 డిగ్రీల ఉష్ణోగ్రతవద్ద మూడు రోజులపాటు ఉంచి కొలవాలి. వెనువెంటనే అంకె చూపే పరికరాలు సాధారణంగా కాంతి శోషణ వంటి మరొక లక్షణాన్ని కొలిచి, దాన్నుంచి బీఓడీని అంచనా వేస్తాయి. ప్రత్యక్షంగా కనిపిస్తున్న అంకె నిజానికి అనుమానమే. ఆ అనుమానానికీ ఉపాధులుంటాయి. వ్యర్థజలపు స్వభావం మారితే పరికరాన్ని తిరిగి సరిచూడాలి. రెండవది చట్టానికి సంబంధించినది. జల చట్టం 21వ సెక్షను ప్రకారం నమూనాను నోటీసు ఇచ్చి, నిర్ణీత పద్ధతిలో సేకరిస్తేనే దాని విశ్లేషణ సాక్ష్యంగా చెల్లుతుంది. తెరపై కనిపించిన అంకె హెచ్చరికగా పనికివస్తుంది. దానంతట అది ఆ సెక్షను కోరే నమూనా కాదు.

ఈ రెండు సాధనాల్లోనూ మైసిన్‌కు ఉన్న మూడవ భాగం, అంటే వివరణ విభాగం లేదు. ‘ఎందుకు?’ అని అడిగితే అవి మళ్ళీ అంకెనే చూపుతాయి.

6. నిపుణులు విభేదించినప్పుడు

నిపుణుల మాటను నియమంగా మార్చడానికి ముందు నిపుణుల మధ్య ఏకాభిప్రాయం ఉందా అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు మధ్య నడిచిన వ్యాజ్యం ఇందుకు ప్రామాణికమైన ఉదాహరణ. హైదరాబాదు తాగునీటి జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పరిసరాల్లో ఒక నూనె ఉత్పత్తుల పరిశ్రమకు అనుమతిని మండలి నిరాకరించింది. పరిశ్రమ అప్పీలుకు వెళ్ళింది. దాని సాంకేతికత సురక్షితమన్న ఒక శాస్త్రవేత్త అఫిడవిట్టును ఆధారంగా తీసుకొని అప్పీలు అధికార సంస్థ 1998లో మండలి నిర్ణయాన్ని తోసిపుచ్చింది. హైకోర్టు జోక్యం చేసుకోలేదు.

1999 జనవరి 27న సుప్రీంకోర్టు ధర్మాసనం తరఫున జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు ఈ వివాదాన్ని మౌలిక ప్రశ్నగా మార్చింది. విజ్ఞానశాస్త్రమే అనిశ్చితంగా ఉన్నచోట న్యాయస్థానం ఏ నిపుణుడిని నమ్మాలి? తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని ఆశ్రయించింది. హాని లేదని నిరూపించే భారం పరిశ్రమ స్థాపించదలచినవారిదేనని చెప్పింది. శాస్త్ర పరిజ్ఞానమున్న సభ్యులతో పర్యావరణ న్యాయస్థానాల అవసరాన్ని నొక్కిచెప్పింది. 2000 డిసెంబరు 1న తుదితీర్పు మండలికి అనుకూలంగా వెలువడింది. జగన్నాథరావు అధ్యక్షతలోని లా కమిషన్ 2003లో ఇచ్చిన 186వ నివేదిక, దాని తరువాత 2010లో వచ్చిన జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం ఆ ఆలోచనకు కొనసాగింపు.

నిపుణ వ్యవస్థల రూపకర్తలకు ఈ తీర్పులో రెండు పాఠాలున్నాయి. మొదటిది: నిపుణుడి నిర్ధారణ ఎంత బలమైనదన్నది దాని వెనుక ఉన్న ఊహలు బయటపడినప్పుడే తెలుస్తుంది. రెండవది: తెలియనిచోట వ్యవస్థ ఎటువైపు మొగ్గాలన్నది సాంకేతిక విషయం కాదు, చట్టం నిర్ణయించవలసినది. సమాచారం లేని గడిని ‘హాని లేదు’గా చదివే ప్రోగ్రాము తెలియకుండానే నిరూపణ భారాన్ని పరిశ్రమ మీదినుంచి దిగువ గ్రామం మీదికి మారుస్తుంది. కాలువ ప్రవాహం వివరం అందనిరోజున వ్యవస్థ ‘అనుమతించవచ్చు’ అంటుందా, ‘ప్రవాహం తెలిసేవరకు ఆగాలి’ అంటుందా? ముందుజాగ్రత్త సూత్రం ప్రోగ్రాములో నిలిచేదీ, కూలేదీ ఈ చిన్న ఎంపికలోనే.

7. విచక్షణ విలువ

నియమాలు పెరిగితే అధికారి విచక్షణ తగ్గుతుందనీ, విచక్షణ తగ్గితే అవినీతి తగ్గుతుందనీ ఒక వాదన ఉంది. గుజరాత్‌లో కాలుష్య నియంత్రణ మండలితో కలిసి డుఫ్లో, గ్రీన్‌స్టోన్, పాండే, ర్యాన్ జరిపి 2018లో ‘ఎకనామెట్రికా’లో ప్రచురించిన అధ్యయనం ఈ వాదనను పునరాలోచింపజేస్తుంది. కొన్ని కర్మాగారాల్లో తనిఖీలను రెట్టింపు చేసి, అదనపు తనిఖీలను యాదృచ్ఛికంగా కేటాయించారు. నిబంధనల పాటింపు స్వల్పంగానే పెరిగింది. అధికారులు తమ విచక్షణతో ఎంచుకున్న తనిఖీల్లో తీవ్ర ఉల్లంఘనలు ఎక్కువగా బయటపడ్డాయి. ఎక్కడ చూడాలో వారికి తెలుసు.

అయితే నమోదుకాని విచక్షణ ఇటు జ్ఞానమూ కావచ్చు, అటు పక్షపాతమూ కావచ్చు. బయటివారికి ఆ రెంటికీ తేడా తెలియదు. అదే బృందం 2013లో ప్రచురించిన మరొక అధ్యయనంలో, పరిశ్రమలే ఎంచుకొని రుసుము చెల్లించే ఆడిటర్ల నివేదికల్లో అంకెలు ప్రమాణానికి కాస్త దిగువన గుమిగూడినట్లు వెల్లడైంది. అంకె కూడా అబద్ధమాడగలదు. కాబట్టి విచక్షణను తొలగించే యంత్రంకన్నా, విచక్షణను కారణంతో సహా రాయించే సాధనం నియంత్రణకు ఎక్కువ మేలు చేస్తుంది.

8. నిపుణ వ్యవస్థ ఎలా ఉండాలి

జల చట్టం 25వ సెక్షను అనుమతిని నిరాకరించినప్పుడు కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలంటుంది. సమాచార హక్కు చట్టం (2005) 4వ సెక్షను, పరిపాలనా నిర్ణయాలకు కారణాలను వాటివల్ల ప్రభావితులైనవారికి తెలియజేయాలంటుంది. మొదటిది పరిశ్రమకు రక్షణ. రెండవది దిగువన నీరు తాగేవారికి కూడా రక్షణ. ఈ రెంటినీ నెరవేర్చగల వ్యవస్థలో ప్రతి నియమంతోపాటు నాలుగు విషయాలు నమోదు కావాలి: ఆ నియమానికి మూలం ఏమిటి, అది ఏ ఉపాధిమీద చెల్లుతుంది, ఆ ఉపాధి నేడు ఉందని ఎవరు, ఎప్పుడు ధ్రువీకరించారు, అధికారి వ్యవస్థ సూచనను కాదన్నప్పుడు చూపిన కారణం ఏమిటి.

ఇలా నమోదైతే అధికారి బదిలీ అయినా పరిజ్ఞానం నిలుస్తుంది. అప్పీలు విచారించే ట్రిబ్యునల్‌కు నిర్ణయం నడిచిన దారి కనిపిస్తుంది. కాలువ కట్టివేసిన తేదీని చూపి ‘ఆ రోజు మీ నియమం చెల్లదు’ అని పంచాయతీ వాదించగలుగుతుంది. వేలాది పాత నిర్ణయాలనుంచి తానే సూత్రాలు గ్రహించే నేటి యంత్రాభ్యసన పద్ధతులు ఈ పని చేయగలవా అన్నది జాగ్రత్తగా చూడవలసిన విషయం. పాత నిర్ణయాలు ఉపాధిని విస్మరించినవైతే, వాటినుంచి నేర్చుకొన్న యంత్రం ఆ విస్మరణనే మరింత నమ్మకంగా పునరావృతం చేస్తుంది.

9. ముగింపు

పర్యావరణ నియంత్రణలో నిపుణ వ్యవస్థలను వాటి సమాధానాల కచ్చితత్వంతో కొలవడం పరిపాటి. అవి చెప్పగల కారణాలతో కొలవాలన్నది ఈ పరిశీలన సారాంశం. 2016 నాటి సూచిక, 2014 నాటి పర్యవేక్షణ ఆదేశం నియమాన్ని దేశవ్యాప్తం చేశాయి. స్థలకాలాల ఉపాధిని వాటిలో చేర్చే పని మిగిలి ఉంది. ఆ పనికి ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. జలవనరుల శాఖ వద్ద ఉన్న కాలువ ప్రవాహపు వివరాలు మండలి అనుమతి పత్రంలో ఒక షరతుగా చేరితే, కృష్ణా డెల్టాలో తొలి అడుగు పడినట్లే. బీఓడీ 30 అన్న అంకె సార్వాలోనూ, వేసవిలోనూ ఒకేలా కనిపిస్తుంది. పుల్లేరు రెండు కాలాల్లో ఒకేలా ఉండదు. చెరువు నింపుకొనే గ్రామానికి కావలసింది ఆ తేడా తెలిసిన నిర్ణయం.